‘చెప్పాలి’, ‘చెప్పాడు’: రెండు ‘ప్పా’లూ ఒకటేనా?

ప్రశ్న: కోస్తా వాళ్ల నోట ‘చెప్పాడు’లోని దీర్ఘం ‘బ్యాంకు’లో ‘బ్యా’కి దగ్గరగా ఉంటుంది, ‘చెప్పాలి’లో అలా ఉండదు. ఈ మాట అంటే బాగా చదువుకున్నవాళ్లే ‘రెండూ ఆ-కారమేగా’ అని కొట్టిపారేస్తారు. నోట్లో ఉన్న తేడా చెవికెందుకు అందదు?

జవాబు: తేడా నిజమే, దానికి పుట్టుక కూడా తెలుసు. ‘చెప్పవలె’ కుదించుకుపోయి ‘చెప్పాలి’ అయింది, అక్కడ అచ్చమైన ఆ. ‘చెప్పినాడు’లో న-కారం జారిపోయి ఇ, ఆ కలిశాయి. నాలుక ముందుకు జరిగి, ఆ-కీ ఏ-కీ నడుమ అచ్చు వచ్చింది. సీమలో ‘చెప్పినాడు’, తెలంగాణలో ‘చెప్పిండు’ అనేవాళ్ల నోట ఈ మాటలో ఆ అచ్చుకు చోటే లేదు. రాతలో దానికి వేరే గుర్తు లేదు కనక, దీర్ఘం చూసి ‘ఆ’ అని నేర్చిన చెవి రెంటినీ ఒకటిగానే జమకట్టేస్తుంది.

మరో జవాబు: పరీక్షించి చూడండి. కాగితం మీద రాసిచ్చి చదివించకండి, నోరు అక్షరం వైపు మొగ్గుతుంది. ‘వాడేం చేశాడు?’, ‘ఇప్పుడేం చెయ్యాలి?’ లాంటి ప్రశ్నలతో మాట రాబట్టి ఫోన్లో రికార్డు చేయండి. ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అచ్చు నడిమి భాగమే కోయండి. అంచులు మిగిలితే పక్క హల్లు మాటను పట్టిచ్చేస్తుంది, మాట తెలిశాక అక్షరం గుర్తుకు రాక మానదు. ఒకటే రకం రెండు ముక్కలు, వేరేది ఒకటి కలిపి వినిపించి ‘ఏది వేరు?’ అనడగాలి. ‘ఇది ఆ-యేనా?’ అన్నారో, పరీక్ష చెడినట్టే. తెరమీద రెండో ఫార్మెంట్ (నాలుక ముందుకు జరిగేకొద్దీ పైకి లేచే ధ్వని పట్టీ) ‘చెప్పాడు’లో పైకి ఉంటుంది, అది కంటికే కనిపిస్తుంది.

ఇంకొకరు: ఇంగ్లీషులో దీనికి తిరగేసిన సంగతి ఉంది. ‘పిచ్’, ‘రిచ్’ చివర వినిపించేది ఒకటే, మొదటిదాని స్పెల్లింగులో మాత్రం ‘టి’ ఎక్కువ. 1980లో ఎరీ, విల్స్ అనే పరిశోధకులు పిల్లలచేత ధ్వనులు లెక్కపెట్టిస్తే, స్పెల్లింగు తెలిసినవాళ్లు ‘పిచ్’లో ఒకటి ఎక్కువ లెక్కపెట్టారు. అక్కడ రాత లేని ధ్వనిని వినిపించింది, మన దగ్గర ఉన్నదాన్ని దాస్తోంది.

మొదటి జవాబిచ్చినవారు: తప్పంతా లిపిదే అనను. అన్నంలోకి పోసుకునే ‘చారు’, ‘చారుమతి’లో ‘చారు’ రాతలో ఒకటే. అయినా ఆ తేడా చాలామంది చెప్పగలరు. వ్యాకరణం దంత్యం, తాలవ్యం అని పేర్లు పెట్టింది, నిఘంటువుల్లో ౘ, ౙ గుర్తులున్నాయి. ‘చెప్పాడు’లోని అచ్చుకు బడిలో పేరూ లేదు, గుర్తూ లేదు.