సమస్య: “చేయి లేని దేవి చేయి చాచె”

కోటగుమ్మం (విజయనగరం, నిర్వాహకుడు): రాత్రి మనవరాలికి మిలో వీనస్ (పారిస్ లూవ్రు మ్యూజియంలో ఉన్న చేతుల్లేని గ్రీకు దేవత శిల్పం) బొమ్మ చూపిస్తుంటే “తాతా, చేతుల్లేవు కదా, మరి దండం పెడితే దీవిస్తుందా?” అంది. అక్కడే ఈ పాదం తట్టింది. ఇది నాలుగో పాదంగా ఆటవెలది పద్యం రాయాలి. పురాణాలు వద్దు. ప్రపంచ చరిత్రలోంచే పూరించండి, గ్రీకు శిల్పం నుంచి మొన్నటి ఓట్ల దాకా ఏదైనా సరే.

బొబ్బిలి వీణ: మొదటి పూరణ నాదే.

మీలొ దీవి మన్ను మేటి శిల్పము నిచ్చె
రెండు వేల యేండ్ల నిండు నిదుర
వీడి లూవ్రు జేరి విశ్వంబు మురియగాఁ
జేయి లేని దేవి చేయి చాచె

వంశధార: బావా, ధార బాగుంది, రెండో పాదంలో “రెండు, నిండు” అని రెండో అక్షరం కలిసే ప్రాసయతి హాయిగా పడింది. కానీ సమస్య విడిందా? లేని చెయ్యి ఎక్కడి నుంచి వచ్చిందో పద్యం చెప్పలేదు. 1820లో ఆ విగ్రహంతో పాటు యాపిల్ పట్టుకున్న చేతి ముక్క కూడా దొరికింది, దాన్ని తెచ్చుంటే పూరణ పూర్తయ్యేది. నువ్వు నిదుర దగ్గరే ఆగిపోయావు.

నాగావళి గట్టు: నాది సమొత్రాకె దీవి విజయదేవత మీద. 1863లో మొండెం దొరికింది, తల, చేతులు లేవు. కుడి అరచెయ్యి మాత్రం 1950లో బయటపడింది, ఇప్పుడు లూవ్రులో విగ్రహం దగ్గరే అద్దాల పెట్టెలో ఉంది.

దీవిలోన దొరికె దేవి మొండెము మున్ను
అరచెయి యొకటి పిదప నవని వెలసె
గాజు పెట్టెలోనఁ గనిపించు నయ్యది
చేయి లేని దేవి చేయి చాచె

బొబ్బిలి వీణ: ఆహా, వస్తువు ఎన్నుకోవడంలో నన్ను మించిపోయారు మాస్టారూ, ఒప్పుకుంటున్నాను. కానీ రెండో పాదం మొదట్లో “అరచెయి” నాలుగు లఘువులు (పొట్టి అక్షరాలు). ఈ పాదంలో అన్నీ సూర్యగణాలే (మూడు లఘువులు, లేదా గురువు తర్వాత లఘువు), నాలుగు లఘువుల నలం ఎలా పడుతుంది? పైగా “మున్ను” తర్వాత అచ్చు రావడంతో విసంధి (కలవాల్సిన చోట సంధి చెయ్యకపోవడం). “హస్త మొకటి పిదప నవని వెలసె” అనండి. హకారానికి అకారంతో యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో పొంతన) చెల్లుతుంది, రెండు దోషాలూ ఒక్క దెబ్బతో పోతాయి.

నాగావళి గట్టు: నిజమే బాబూ, తొందరలో లెక్క చూసుకోలేదు. హస్తమే ఉంచుతాను.

వంశధార: లఘువు లెక్కపెట్టడంలో మా బావని మించినవాడు లేడు, చరిత్ర లెక్కలోనే తడబడతాడు. పోయిన నెల “ఆవిరి” సమస్యకి జేమ్స్ వాట్ ఆవిరి యంత్రాన్ని కనిపెట్టాడని రాశాడు, అందరూ చప్పట్లు కొట్టారు. న్యూకోమెన్ యంత్రం 1712లోనే గనుల్లో నీళ్ళు తోడింది. దాని నమూనా బాగుచేస్తూనే వాట్‌కి విడి కండెన్సర్ (ఆవిరిని వేరే గదిలో చల్లార్చే భాగం) ఆలోచన వచ్చింది, పేటెంట్ 1769లో. అది ఇప్పటిదాకా దిద్దలేదు. సరే, ఇదిగో నాది:

శిరము పారిసందుఁ జెయ్యి సంద్రము దాటె
పీఠమునకు సొమ్ము పెద్ద కొరత
కూలి నాలి జనులు కూడబెట్టిన దీయఁ
జేయి లేని దేవి చేయి చాచె

ఇది న్యూయార్క్ స్వేచ్ఛామూర్తి (స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ) మీద. దివిటీ పట్టిన చెయ్యి ముందు తయారై 1876లో అమెరికా వెళ్ళింది, తల 1878లో పారిస్ ప్రదర్శనలో పెట్టారు. అప్పుడు పారిస్‌లో ఉన్న దేవికి చెయ్యి లేదు, చెయ్యేమో న్యూయార్క్‌లో పీఠం కోసం చందాలు అడుగుతోంది!

కోటగుమ్మం: అద్భుతం. “చేయి చాచడం” అంటే అడుక్కోవడం అనే జాతీయాన్ని పట్టుకున్నారు, నేను పాదం ఇచ్చేటప్పుడు నాకే తట్టలేదు.

బొబ్బిలి వీణ: వాట్ సంగతి ఒప్పుకుంటున్నాను, ఈ రాత్రే దిద్దుతాను. ఇప్పుడు నీ మూడో పాదం చూడు. కూలి నాలి జనుల చందాలు పులిట్జర్ పత్రిక పిలుపుతో 1885లో వచ్చాయి, లక్ష డాలర్లు దాటాయి. అప్పటికి చెయ్యి 1882లోనే ఫ్రాన్స్ తిరిగివెళ్ళి, 1884లో విగ్రహం పారిస్‌లో మొత్తంగా నిలబడింది. అంటే వాళ్ళు డబ్బిచ్చేనాటికి దేవికి చేతులున్నాయి! నీ పద్యం కాలం తప్పింది. ఆ చేతిని ఎక్కి చూడ్డానికి డబ్బు తీసుకునేవారు కదా, అదే రాయి:

ఎక్కి చూచుటకును టిక్కెట్టు వెలపెట్టి

వంశధార: ... బావా, ఇది నా పాదం కంటే బాగుంది. ఎక్కి, టిక్కె ప్రాసయతి అయితే చెప్పక్కర్లేదు. తీసుకుంటున్నాను.

నాగావళి గట్టు: “టిక్కెట్టు” పద్యంలో ఒప్పుతుందా అని ఒక్క క్షణం ఆగాను. రైలు స్టేషన్‌లో ఇంకో మాట ఎవరంటారు, ఉండనివ్వండి.

పొందూరు నూలు: మా ఇంట్లో అమ్మమ్మ వాలుగ చేప దవడతో పత్తి ఏకేది, చేతి విలువ నాకు తెలుసు. అందుకే ఇంకో కోణం. 1886 అక్టోబర్ 28న ఆ విగ్రహం ఆవిష్కరణ రోజున ఓటు లేని ఆడవాళ్ళు ఓడ కట్టించుకుని వెళ్ళి నిరసన చెప్పారు. అమెరికా అంతటా వాళ్ళకి ఓటు 1920లో గానీ రాలేదు.

ఓటు లేని తల్లు లోడ నెక్కిరి నాడు
స్వేచ్ఛ దేవి కాలి చెంతఁ జేరి
హక్కు లడిగి రంట నక్కడే గళమెత్తి
చేయి లేని దేవి చేయి చాచె

బొబ్బిలి వీణ: అమ్మా, ఎత్తడానికి చెయ్యి ఉన్నా లెక్కలోకి రాని దేవి! ఈ నెలకి నా ఓటు దీనికే. ఒక్క “రంట” దగ్గర మాత్రం ఆగాను, జరిగిన సంగతే కదా, “అంట” ఎందుకు?

పొందూరు నూలు: “హక్కు లడిగినారు” అంటే సరిపోతుందా అండీ?

వంశధార: హక్కు, లడిగి, నారు. సరిగ్గా సరిపోయింది. కానీ తర్వాత “అక్కడే”కి సంధి చూడాలి, “నారు” ఉకారం పోయి “నారక్కడే” అయిపోతుంది. యతి స్థానంలో అకారం ఉంటుంది గానీ గణం పోతుంది.

పొందూరు నూలు: అయితే “రంట” ఉంచేస్తాను.