సెల్ఫ్ తీసుకోవట్లా, ఏం చేయాలన్నా?

కావలి బుల్లోడు:
పొద్దున ఆరున్నర నుంచి డీజిల్ కారుతో కుస్తీ పడుతుండా. సెల్ఫ్ తీసుకోవట్లా. బ్యాటరీ వేయించి ఏడు నెల్లే. పక్కింటి బండి తెచ్చి కేబుల్స్ తగిలించినా అంతే. నలుగురం కలిసి వీధి చివరిదాకా తోశాం, ఊఁహూఁ. మెకానిక్ ఫోన్ ఎత్తడంలా. సాయంత్రానికి ఒంగోలు పోవాల. ఏం చూడాలో ఎవరైనా చెప్పండి సామీ.

పొడుగు స్పానర్:
ఏ బండి? ఏ మోడల్?

కొత్తపట్నం గాలి:
కొత్త బ్యాటరీ ఉండి సెల్ఫ్ తిరగడం లేదంటే ముందు ఎర్త్ (కరెంటు తిరిగి బ్యాటరీ మైనస్‌కి పోయే దారి) చూడు తమ్ముడూ. మన తీరం ఊళ్లలో పాత బండ్లకి ఉప్పుగాలే మొదటి శత్రువు. ఇంజన్ నుంచి బాడీకి పోయే అల్లిక పట్టీ పైకి బాగానే కనపడుతుంది, బోల్టు విప్పితే కింద పచ్చగా చిలుం.
మీటరు 20 వోల్టుల డీసీలో పెట్టు. నల్ల వైరు బ్యాటరీ మైనస్ మీద, అదీ క్లాంపు మీద కాదు, సీసం పోల్ మీదే ఆనించు. ఎర్రది ఇంజన్ బ్లాకుకి, పెయింటు లేని చోట. ఇంకొకర్ని సెల్ఫ్ కొట్టమను. 0.3 దాటి చూపిస్తే ఎర్త్ పోయినట్టే. ప్లస్ పోల్ నుంచి సెల్ఫ్ మోటార్ పెద్ద బోల్టు దాకా ఇలాగే కొలువు, 0.5 దాటకూడదు. బ్యాటరీ రెండు పోల్స్ మధ్య సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడితే మాత్రం ఏడు నెల్లైనా సరే బ్యాటరీనే అనుమానించు. చిలుం ఉంటే గరుకు కాగితంతో రుద్ది, బోల్టు బిగించాక పైన వాజిలిన్ పూయి. బిగించకముందు కాదు.

డీజిల్ డాక్టర్:
డీజిల్ యాడ కొట్టించారు? క్వారీల దగ్గర, రొయ్యల గుంటల దగ్గర డ్రమ్ముల్లో నిలవుండే డీజిల్ చవగ్గా వస్తుందని పోయిస్తారు. ఖాళీ డ్రమ్ములో రాత్రి చెమ్మ నీరై అడుక్కి దిగుతుంది. ఆ నీళ్లు పంపులోకి పోతే ప్లంజర్ (డీజిల్‌ని తోసే కడ్డీ) తుప్పుపట్టి పట్టేస్తుంది. ఫిల్టర్ అడుగున డ్రెయిన్ స్క్రూ వదులు చేసి గాజు సీసాలోకి పట్టి పది నిమిషాలు కదపకుండా పెట్టండి. నీరుంటే అడుగున విడిగా తేరుకుంటుంది.

కావలి బుల్లోడు:
డీజిల్ బంకులోనేనన్నా. టాటా ఇండికా, 2007, టర్బో లేనిది. ఎర్త్ ఎందుకు చూడాల? సెల్ఫ్ బ్రహ్మాండంగా తిరుగుతుండాది, గిర్రున తిరుగుతుండాది. ఇంజనే అందుకోవట్లా. అదే గదా మొదట్నుంచి చెప్తుండా!

పొడుగు స్పానర్:
చెప్పలేదు.

కొత్తపట్నం గాలి:
సెల్ఫ్ తీసుకోవట్లా అంటే మోటార్ తిరగట్లేదని అర్థం. ఇంత టైపు చేయించి ఇప్పుడు గిర్రున తిరుగుతోందంటావేంది?

గూడూరు నిమ్మకాయ:
మా వైపు రెండింటికీ అదే మాట అన్నా. కీ తిప్పితే బండి ఆన్ కాకపోతే సెల్ఫ్ తీసుకోవట్లా అనే అంటారు, మోటార్ తిరిగినా తిరక్కపోయినా. అతని తప్పేం లేదు.

కొత్తపట్నం గాలి:
అనే వాళ్లు అంటారు. రిపేరు చెప్పేవాడికి తేడా తెలియొద్దా?

ఆటోనగర్ చెయ్యి:
ఆ గొడవ పక్కన పెట్టండి. తమ్ముడూ, సెల్ఫ్ కొట్టేటప్పుడు సైలెన్సర్ దగ్గర ఒకర్ని నిలబెట్టు. తెల్లపొగ వస్తుందా, అసలేమీ రావట్లేదా? తెల్లపొగంటే డీజిల్ లోపలికి పోతోంది, మండట్లేదు: హీటర్ ప్లగ్గులు (డీజిల్ మండేందుకు లోపల వేడి పుట్టించేవి), కంప్రెషన్, టైమింగు చూడాలి. పొగ చుక్కైనా లేదంటే డీజిలే అందట్లేదు. ఈ ఒక్క ముక్క తెలిస్తే సగం పని తగ్గుతుంది.
ఒక్కోసారి పది సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టొద్దు, మధ్యలో నిమిషం ఆగు, మోటార్ కాలిపోద్ది. ఇంక తోయొద్దు. గేర్లో వేసి ఒక్కసారిగా క్లచ్ వదిలితే పాత టైమింగ్ బెల్టు పన్ను జారుతుంది, వాల్వులు పిస్టన్లకి తగులుతాయి.

నంబర్ 3 పేట:
స్పార్క్ ప్లగ్గులు తీసి కార్బన్ గీకి చూడండి బ్రో.

పొడుగు స్పానర్:
డీజిల్ బండికి స్పార్క్ ప్లగ్గులుండవు.

గూడూరు నిమ్మకాయ:
హీటర్ ప్లగ్గు కాదు, గ్లో ప్లగ్ అనాలి. అయినా మన నెల్లూరులో చలి ఏ పాటిది? వాటికి పనే లేదిక్కడ. ట్రాక్టర్లకు లేవే!

ఆటోనగర్ చెయ్యి:
పేరు ఏదైనా షాపులో హీటర్ ప్లగ్గనే అడగాలి, అదే ఇస్తారు. ట్రాక్టర్‌తో పోలిక కుదరదు. దాంట్లో డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడుతుంది. ఈ ఇండికాలో పక్కన చిన్న గది ఉంటుంది, డీజిల్ ముందు అందులో పడుతుంది. చల్లటి ఇంజన్‌లో ఆ గది గోడలే వేడిని లాగేసుకుంటాయి. అందుకే బయట పాతిక డిగ్రీలున్నా పొద్దున మొదటిసారి ప్లగ్గు వేడెక్కాలి.
చూడటం తేలిక. ప్లగ్గులన్నిటినీ కలిపే పైనున్న పట్టీ విప్పేసి, టెస్ట్ ల్యాంప్ ఒక కొస బ్యాటరీ ప్లస్‌కి, ఇంకో కొస ప్లగ్గు మొనకి పెట్టు. వెలిగితే కాయిల్ తెగలేదు. ఓమ్స్‌లో చూడాలంటే ముందు మీటరు రెండు వైర్లూ కలిపి చూపించిన అంకె తీసెయ్యి. చవక మీటర్ల వైర్లకే 0.3, 0.5 ఉంటుంది, ప్లగ్గు ఉండేది ఒక ఓమ్ అటూ ఇటూ. అయితే నాలుగు ప్లగ్గులూ ఒకే రాత్రి పోవు. ఒకటి పోతే బండి వణుకుతూ, పొగ కక్కుతూ అయినా అందుకుంటుంది. అన్నీ ఒకేసారి చస్తే రిలే, ఫ్యూజు చూడాలి.
ఈథర్ స్ప్రే (ఇట్టే అంటుకునే స్టార్టింగ్ స్ప్రే) ఎవరైనా కొట్టమంటే కొట్టొద్దు. ప్లగ్గు ఎర్రగా ఉన్నప్పుడు అది ఇంజన్‌కి గాలి పోయే ఇంటేక్ గొట్టంలోనే పేలుతుంది.

కావలి బుల్లోడు:
పొగ అస్సల్లేదన్నా. నిన్న ఫిల్టర్ మార్పించా, ఆ తర్వాత ఇరవై కిలోమీటర్లు నడిచింది, కాబట్టి అది కాదు. రాత్రి మామూలుగానే ఇంటి ముందు ర్యాంపు మీద పెట్టా, ముందు చక్రాలు పైకి.

పొడుగు స్పానర్:
అదే. గాలి పట్టింది.

ఆటోనగర్ చెయ్యి:
ఇది మొదటి లైన్లో రావాల్సిన మాట! ఫిల్టర్ నుంచి పంపుకి వచ్చేది లాగుడు వైపు. అక్కడ సందు ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. నడుస్తున్నప్పుడు పంపు లాగుతూనే ఉంటుంది కనక తెలియదు. ఆపి, ముందువైపు ఎత్తులో పెడితే రాత్రికి డీజిల్ మొత్తం వెనక ట్యాంకులోకి జారిపోతుంది.
ముందు ఒక్క నిమిషం పని: కీ ఆన్ చేసి పంపు మీది స్టాప్ సోలనాయిడ్ (కీ ఆపితే డీజిల్‌ని ఆపే కరెంటు వాల్వు) వైరు తీసి పెట్టు. టక్కుమనాలి. అనకపోతే బ్యాటరీ ప్లస్ నుంచి వేరే వైరు ఇచ్చి చూడు. అప్పుడు టక్కుమంటే లోపం కీ వైపు వైరింగులో ఉంది.
అది బాగుంటే ఫిల్టర్ విప్పు. పాత రబ్బరు రింగు ఫిల్టర్ కూర్చునే హెడ్‌కే అతుక్కుని ఉండిపోయిందేమో వేలు పెట్టి తడుము. దాని మీదే కొత్తది కూర్చోబెడితే చేత్తో బిగించినప్పుడు బిర్రుగానే అనిపిస్తుంది, గాలి మాత్రం పోతుంది. బ్యాంజో బోల్టుల (పైపుని బిగించే, లోపల డీజిల్ పోయే బోలు బోల్టులు) వాషర్లు పాతవి వాడొద్దు. పైపుల కొసలు పగిలితే అరంగుళం కోసి క్లిప్పు మళ్లీ బిగించు.
తర్వాత ఫిల్టర్ పైన గాలి వదిలే బ్లీడ్ స్క్రూ వదులు చేసి ప్రైమర్ (చేతి పంపు) నొక్కుతుండు, నురగ పోయి చిక్కటి డీజిల్ వచ్చేదాకా. అప్పటికీ అందుకోకపోతే 17 స్పానర్‌తో ఇంజెక్టర్ల వైపు రెండు పైపుల నట్లు అర చుట్టు వదులు చేసి, గుడ్డ కప్పి సెల్ఫ్ కొట్టించు. డీజిల్ చిమ్మగానే బిగించు. చెయ్యి అడ్డం పెట్టొద్దు, ఆ ధార చర్మంలోకి దూరిపోతుంది.
అనుమానం తీరకపోతే ఫిల్టర్‌కీ పంపుకీ మధ్య అదే సైజు పారదర్శకం పైపు ముక్క తాత్కాలికంగా వెయ్యి. సగ్గుబియ్యం గింజల్లా బుడగలు వరసగా పోతుంటే సందు ఆ ముక్కకీ ట్యాంకుకీ మధ్యే.

నంబర్ 3 పేట:
మా డిజైర్ డీజిల్‌కీ ఇలాగే నట్లు వదులు చేయొచ్చా?

ఆటోనగర్ చెయ్యి:
వద్దు. అది కామన్ రైల్, అంటే ఇంజెక్టర్లన్నిటికీ ఒకే ప్రెషర్ గొట్టం. అందులో ప్రెషర్ వెయ్యి బార్ పైన ఉంటుంది. నట్టు ముట్టుకోవద్దు.

డీజిల్ డాక్టర్:
నా లెక్కన పాత పంపుల సీళ్లు ఎక్కువగా చెడుతోంది 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణం) డీజిల్ వచ్చాకే. గంధకం 50 పీపీఎం నుంచి 10కి దించారు, జిడ్డు పోయింది. పాత బండ్లకి లీటరుకి 5 మిల్లీ 2టీ ఆయిల్ (టూ-స్ట్రోక్ బండ్లకి పోసేది) కలపాలి.

గూడూరు నిమ్మకాయ:
గంధకం తీసేటప్పుడు జిడ్డు పోతుంది, నిజమే. అందుకే కంపెనీలే సంకలనాలు కలుపుతాయి. జిడ్డు పరీక్షలో ఇనుప గుండు మీద పడే అరుగుడు మచ్చ 460 మైక్రాన్లు దాటకూడదని ప్రమాణమే ఉంది, బీఎస్-4కీ అదే, 6కీ అదే. 2టీ ఎందుకు దండగ?

డీజిల్ డాక్టర్:
కాగితం మీద ప్రమాణాలు వేరు, పంపు వేరు.

కావలి బుల్లోడు:
అయిందన్నా, రింగే. ఒంగోలు బయల్దేరా. థ్యాంక్స్.

ఆటోనగర్ చెయ్యి:
పాత రింగు తీసేశావా, ఊరికే బిగించావా? వచ్చాక ఈ రాత్రికి మళ్లీ ర్యాంపు మీద ముందుభాగం పైకి పెట్టి వదిలెయ్యి. పొద్దున మొదటి తిప్పుడికే అందుకుందో లేదో రాయి. రెండో తిప్పుడుకి అందుకుందంటే సందు ఇంకా ఉన్నట్టే.

కొత్తపట్నం గాలి:
పనిలో పనిగా ఆ ఎర్త్ పట్టీ కూడా విప్పి చూడు.