గేమ్స్ పీరియడ్‌లో 20 నిమిషాలు మోకాళ్ల వ్యాయామాలకు ఇవ్వాలా?

ఖమ్మం_నాన్న: స్కూలు కబడ్డీ జట్లకు ఆట మొదలయ్యే ముందు మోకాలు, చీలమండ గట్టిపడే వ్యాయామాలు తప్పనిసరి చేయాలి. ఫుట్‌బాల్ ఆటగాళ్ల కోసం ఫిఫా తయారు చేయించిన వార్మప్ ‘ఫిఫా 11 ప్లస్’ లాంటివి: పరుగు, స్క్వాట్లు, ఒంటికాలి మీద నిలబడటం, ఎగిరి మెత్తగా దిగడం. పట్టేది 20 నిమిషాలే. నార్వేలో 13-17 ఏళ్ల ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్లతో చేయించి చూస్తే గాయాలు మూడో వంతు దాకా తగ్గాయని 2008లో తేల్చారు.

పీఈటీ_పాలమూరు: పీరియడే 45 నిమిషాలు. పిల్లలు లైన్లో నిలబడేసరికి పది పోతాయి. ఇంకో 20 తీసేస్తే కూత ఎప్పుడు నేర్పాలి? నలుగురు మీద పడితే స్క్వాట్లు కాపాడతాయా?

పాత_రైడర్: మా రోజుల్లో ఇవేవీ లేవు. మాకేమీ కాలేదు.

ఫిజియో_విశాఖ: మోకాల్లో ఎముకలను కలిపి పట్టే లిగమెంట్ తెగిన చాలామందిని ఆ క్షణంలో ఎవరూ తాకి ఉండరు సర్. కూతకెళ్లిన పిల్ల గిర్రున వెనక్కి తిరుగుతుంది, పాదం నేలను పట్టేస్తుంది, మోకాలు లోపలికి వాలుతుంది. అలా వాలకుండా కాలిని అలవాటు చేయడమే ఈ వ్యాయామాల పని. ఎగిరి దిగేటప్పుడు మోకాలు పాదం వరసలోనే ఉందా అని చూడండి. ఆడపిల్లల్లో ఈ ముప్పు ఇంకా ఎక్కువ.

పీఈటీ_పాలమూరు: ఆ నార్వే లెక్క నేనూ చదివాను. మూడో వంతు తగ్గింది మొత్తం గాయాల్లో. కాళ్ల గాయాలు మాత్రమే తీస్తే తేడా ఖాయమని చెప్పలేకపోయారు.

ఫిజియో_విశాఖ: నిజమే. కానీ తీవ్రమైన గాయాలు బాగా తగ్గాయి, అదీ అందులోనే ఉంది.

ఖమ్మం_నాన్న: లెక్కలు పట్టుకుని కూర్చోండి. జిల్లా సెలెక్షన్స్ ముందు మా అమ్మాయి మోకాల్లో టప్‌మని చప్పుడైంది. స్ప్రే కొట్టి మర్నాడూ ఆడించారు. ఎంఆర్ఐ తీస్తే ఏసీఎల్ అనే మోకాలి లిగమెంట్ తెగిపోయింది. ఆపరేషన్ అయ్యాక కనీసం తొమ్మిది నెలలు ఆట వద్దన్నారు. మీకు కప్పులు కావాలి, పిల్లల మోకాళ్లు ఏమైతే మీకేంటి?

పీఈటీ_పాలమూరు: నోరు జారకండి. స్ప్రేకీ వార్మప్‌కీ సంబంధమేంటి? నొప్పంటే నేనూ ఒక పిల్లను కూర్చోబెట్టాను. సర్టిఫికెట్ పోతుంది, స్పోర్ట్స్ కోటా పోతుందని వాళ్ల నాన్నే వచ్చి గొడవ చేశాడు. హెడ్మాస్టర్ ఆయన వైపే మాట్లాడారు. ఆడకు అని చెప్పే హక్కు నాకు ఎవరిచ్చారు?

సిద్దిపేట_కబడ్డీ: మా బడిలో అసలు పీఈటీ పోస్టే ఖాళీ.

ఖమ్మం_నాన్న: ఆ నాన్నను నేను కాదు. నాకు ఒక్క ఫోన్ చేసుంటే వెళ్లి తీసుకొచ్చేవాణ్ణి. ఎవరూ చేయలేదు.

ఫిజియో_విశాఖ: సర్, మామూలు వార్మప్ తీసేసి దాని చోట ఇవి పెట్టండి, వారానికి కనీసం రెండుసార్లు. పెద్దగా టైమ్ పోదు.

పీఈటీ_పాలమూరు: వ్యాయామాలు రేపే మొదలుపెడతాను. నేను కూర్చోబెట్టిన పిల్లను మళ్లీ కోర్టులోకి పంపమని పైనుంచి చెబితే ఏం చేయాలో, అది చెప్పండి ముందు.