పాత కారు స్పేర్లు సరైన రేటుకు దొరకాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

పాతఇంజన్ (ప్రశ్న)

20 ఏళ్లు దాటిన పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. మోడల్ ఎప్పుడో ఆగిపోయింది. ప్రస్తుతం కావలసినవి ఇవి: ముందు బ్రేక్ ప్యాడ్లు, రెండు వైపులా లోయర్ ఆర్మ్‌లు (చక్రాన్ని బండికి కలిపే కింది చేతులు; వాటి రబ్బరు బుష్‌లు చీలాయి, బాల్ జాయింట్లలో ఆట, అంటే వదులు, లేదు), ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసేది; గరగరమంటోంది, కానీ ఛార్జింగ్ 14.1 వోల్టులు వస్తోంది), డ్రైవర్ వైపు పవర్ విండో మోటర్.

షోరూమ్‌లో సగం వాటికి "సప్లై లేదు" అంటున్నారు. ఉన్నవాటి రేటు వింటే కళ్లు తిరుగుతున్నాయి. ఆన్‌లైన్‌లో చూస్తే ఒకే ప్యాడ్ సెట్ ఒకచోట ఒక రేటు, ఇంకోచోట దానికి నాలుగింతలు. ఏది న్యాయమైన రేటో, ఏది డూప్లికేటో తేల్చేదెలా? సెకండ్ హ్యాండ్‌లో ఏవి తీసుకోవచ్చు?

పదో_నంబర్_స్పానర్

ముందు కారు పేరు చెప్పి అడగడం మానేయండి. "ఫలానా మోడల్ ప్యాడ్లు" అంటే కౌంటర్‌లో వాళ్లకు తోచింది తీసిస్తారు, వాళ్లకు తోచిన రేటు చెబుతారు. పార్ట్ నంబర్ చెబితే బేరం వేరుగా ఉంటుంది, నాలుగు చోట్ల రేటు పోల్చుకోవడమూ కుదురుతుంది.

నంబర్ కోసం ఛాసిస్ నంబర్‌తో కంపెనీ పార్ట్స్ క్యాటలాగ్ చూడాలి. ఛాసిస్ నంబర్‌లో అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉంటాయి. అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిషు అక్షరాలు ఉండవు. అలా కనిపించినవి ఒకటి, సున్నా అని చదువుకోండి, ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే. మోడల్ సంవత్సరం ఒక్కటే చాలదు. ఒకే ఏడాదిలో మధ్యలో క్యాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం) మారిపోవడం మామూలే, అందుకే క్యాటలాగ్‌లో "ఈ నెల వరకు", "ఈ ఛాసిస్ నుంచి" అని రాసి ఉంటుంది. బండి తయారైన నెల కూడా తెలుసుకుని పెట్టుకోండి.

నంబర్ల తీరు తెలిస్తే మోసపోవడం తగ్గుతుంది. టయోటాలో మొదటి అయిదు అంకెలు అది ఏ వస్తువో చెబుతాయి: 04465 అంటే ముందు ప్యాడ్ల సెట్, 04466 అంటే వెనకవి. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపులో మధ్య మూడంకెలు అది ఏ విభాగం వస్తువో చెబుతాయి, చివరి అక్షరం సవరణను చెబుతుంది. ఇనుప, అల్యూమినియం పార్టుల మీద పోతపోసి ఉండే నంబర్ మాత్రం చాలాసార్లు అచ్చు నంబరే, పార్ట్ నంబర్ కాదు. దాన్ని పట్టుకుని ఆర్డర్ పెట్టకండి.

ఇంకో లాభం: అదే నంబర్ ఇంకే కార్లలో వాడారో వెతకండి. నాలుగో తరం గోల్ఫ్, మొదటి తరం ఆడి ఎ3, మొదటి తరం స్కోడా ఆక్టేవియా, సీట్ లియోన్ ఒకే ప్లాట్‌ఫాం మీద వచ్చాయి. లోపలి సరుకు చాలావరకు ఒకటే, అయినా పెట్టె మీద ఉన్న బ్రాండును బట్టి రేటు మారిపోతుంది.

రబ్బరు_బుష్

పై మాటకు కొంచెం జోడిస్తా. కార్ల కంపెనీలు ప్యాడ్లు, బేరింగులు, క్లచ్‌లు చాలావరకు సొంతంగా చేయవు. బాష్, డెన్సో, ఐసిన్, వాలియో, జాక్స్, టీఆర్‌డబ్ల్యూ లాంటివాళ్లు చేసిస్తారు. అదే పార్టు కార్ కంపెనీ డబ్బాలో ఒక రేటు, తయారీదారు డబ్బాలో అంతకంటే తక్కువ. కొన్నిటి మీద కార్ కంపెనీ లోగోను గీకేసిన గుర్తు కూడా కనబడుతుంది. అది డూప్లికేటు అనుకుని వెనక్కి పంపకండి.

కానీ "పెద్ద బ్రాండే కదా" అని కళ్లు మూసుకోకూడదు. మీ బండికి అసలు సరఫరా చేసింది ఎవరో పాత పార్టు విప్పినప్పుడు దాని మీదే చూడండి. ఒకే బ్రాండులో చవక రకం, ఖరీదు రకం రెండూ ఉంటాయి.

ప్యాడ్ల విషయానికొస్తే, వెనక ఇనుప పలక మీద గుండ్రంలో ఇంగ్లిషు 'E' అక్షరం, పక్కన ఒక అంకె, ఆర్90 (బ్రేక్ ప్యాడ్ల నాణ్యత నిబంధన) అనుమతి నంబర్ ఉన్నాయేమో చూడండి. ఈ1 అంటే ఆ అనుమతి జర్మనీలో ఇచ్చారని. ఆ నిబంధన ప్రకారం బ్రేకింగ్ శక్తి ఒరిజినల్ ప్యాడ్‌కు 15 శాతం అటూ ఇటూ లోపు ఉండాలి. గుర్తును కూడా నకలు కొట్టేవాళ్లుంటారు, కాబట్టి అచ్చు లోతుగా, స్పష్టంగా ఉందా, బ్యాచ్ నంబర్ ఉందా, ప్యాడ్ అంచును గోటితో గీస్తే పొడి రాలుతోందా అనేవి కలిపి చూడాలి. షిమ్‌లు (ప్యాడ్ వెనక ఉండే పలుచటి రేకులు) లేకపోతే కీచుమంటాయి, అరుగుదల గుర్తుచేసే రేకు లేకపోతే ప్యాడ్ అరిగిపోయిన సంగతి తెలియదు. నాలుగో వంతు రేటు సెట్లలో మొదట ఎగిరిపోయేవి ఇవే.

డైనమో_డబ్బా

ఆల్టర్నేటర్ కొనకండి. 14.1 వస్తోందంటే రెగ్యులేటర్ (వోల్టేజీని అదుపులో ఉంచేది) పనిచేస్తున్నట్టే. మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టి, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద చూడండి. అర వోల్టు దాటితే డయోడ్ మీద అనుమానపడాలి, లేకపోతే గొడవంతా బేరింగులదే.

అంతకన్నా ముందు శబ్దం దానిదేనా? బెల్టు తీసి పుల్లీని చేత్తో తిప్పండి. అలాగే టెన్షనర్ (బెల్టును బిగుతుగా ఉంచేది), ఐడ్లర్ (బెల్టును దారిలో ఉంచేది), వాటర్ పంప్ పుల్లీలనూ తిప్పండి. ఇసుక నలిగినట్టు అనిపించేదే దొంగ. టెన్షనర్ చేసే చప్పుడుకు ఆల్టర్నేటర్ బలైపోవడం చాలా మామూలు.

లోపల రెండు బేరింగులుంటాయి. వాటి అంచు మీద నంబర్ చెక్కి ఉంటుంది. ముందువైపు తరచుగా కనిపించేవి 6203 లేదా 6303. ఇవి కారు పార్టులే కావు, ప్రపంచమంతటా ఒకే కొలత: 6203 అంటే లోపలి వ్యాసం 17, బయటి వ్యాసం 40, మందం 12 మిల్లీమీటర్లు. 6303 అయితే 17, 47, 14. కార్ స్పేర్ల షాపుకు కాకుండా బేరింగుల షాపుకు వెళ్లి నంబర్ మొత్తం చెప్పండి. వెనక వచ్చే అక్షరాలు కూడా ముఖ్యం: 2ఆర్ఎస్ అంటే రెండు వైపులా రబ్బరు సీలు, సీ3 అంటే వేడికి వ్యాకోచించేందుకు లోపల కాస్త ఎక్కువ సందు. సీ3 ఉన్నచోట మామూలుది వేస్తే వేడెక్కి బిగుసుకుంటుంది. విప్పినప్పుడే బ్రష్‌లు కూడా మార్చేయండి. బ్రష్‌లు రుద్దుకునే స్లిప్ రింగుల మీద గాడి లోతుగా పడితే ఆ పని ఆటో ఎలక్ట్రీషియన్‌కు వదిలేయాలి.

బెల్టుదీ ఇదే కథ. 6పీకే1200 అని రాసుంటే ఆరు గీతలు, 1200 మిల్లీమీటర్ల పొడవు. ఆయిల్ సీలు మీద 35-50-8 ఉంటే షాఫ్ట్, గూడు, మందం. కారు పేరుతో పనే లేదు.

రబ్బరు_బుష్

లోయర్ ఆర్మ్‌లు: బాల్ జాయింట్ బాగుంటే, అది విడిగా మారే రకమైతే, బుష్‌లు మాత్రమే కొని హైడ్రాలిక్ ప్రెస్ మీద వేయించండి. తీసేముందు పాత బుష్ ఏ దిశలో ఉందో ఆర్మ్ మీద గీత పెట్టుకోవాలి. లోపల ఖాళీలున్న బుష్‌ను తప్పు కోణంలో వేస్తే త్వరగా చీలుతుంది. బాల్ జాయింట్ ఆర్మ్‌లోనే రివెట్ చేసి వచ్చి, దానికీ 20 ఏళ్లు అయితే బుష్, ప్రెస్ కూలీ కలిపి లెక్కేయండి. అది కొత్త ఆర్మ్ రేటుకు దగ్గరగా వస్తే ఆర్మే నయం.

కొత్త బుష్‌లు ఆరు నెలల్లో పోయాయని ఫిర్యాదు చేసేవాళ్లలో చాలామంది, బండి జాకీ మీద వేలాడుతుండగానే బోల్టులు పూర్తిగా బిగించినవాళ్లే. అప్పుడు దింపగానే రబ్బరు మెలి తిరిగి, రోజూ ఆ మెలికలోనే పనిచేస్తుంది. బోల్టులు వదులుగా పెట్టి, చక్రాల మీద బరువు పడ్డాక కంపెనీ చెప్పిన టార్క్‌కు (బిగింపు కొలతకు) బిగించాలి.

తుక్కు_యార్డు_తమ్ముడు

విండో మోటర్ సెకండ్ హ్యాండ్‌కు బాగా సరిపోయే వస్తువు. కానీ అసలు మోటరే పోయిందా? డోర్ ప్యానల్ తీసి, రెండే వైర్లున్న మోటరైతే ఫ్యూజు ఉన్న వైరుతో నేరుగా 12 వోల్టులు ఇవ్వండి. వైర్లు తారుమారు చేస్తే అటు తిరిగేది ఇటు తిరగాలి. తిరిగితే మోటర్ బాగుంది, తప్పు స్విచ్‌లోనో, డోర్ కీలు దగ్గర రబ్బరు గొట్టంలో తెగిన వైరులోనో ఉంది. పాత బండ్లలో రెండోది చాలా ఎక్కువ. తిరుగుతూ అద్దం నెమ్మదిగా ఎక్కుతుంటే గ్లాస్ పక్కల గాడిలో రబ్బరు ఎండి పట్టేసింది, సిలికాన్ స్ప్రే చాలు. యార్డుకు వెళ్తే కుడి ఎడమలు, కనెక్టర్ పిన్నుల సంఖ్య పోల్చుకోండి. ఆటో అప్ (ఒక్కసారి నొక్కితే అద్దం పూర్తిగా ఎక్కేది) ఉన్న మోటర్లకు పిన్నులు ఎక్కువ, అవి దీనికి పనికిరావు.

యార్డు నుంచి అద్దాలు, హ్యాండిళ్లు, లైట్లు, స్విచ్‌లు, సీట్లు నిశ్చింతగా తెచ్చుకోవచ్చు. బ్రేక్ హోస్‌లు, టైమింగ్ బెల్టు, టై రాడ్ ఎండ్లు, ఎయిర్‌బ్యాగులు, సీట్ బెల్టులు ఎంత చవకగా ఇచ్చినా వద్దు. ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) కూడా తాళంతో ముడిపడి ఉంటుంది. ఇమ్మొబిలైజర్ (సరైన తాళం లేకపోతే ఇంజన్‌ను స్టార్ట్ కానివ్వనిది) ఉన్న బండ్లలో ఈసీయూ, ఇమ్మొబిలైజర్ పెట్టె, తాళం మూడూ కలిపి ఒకే బండివి తేవాలి, లేదా కోడ్ చేయించాలి.

పాతఇంజన్

అందరికీ ధన్యవాదాలు. బెల్టు తీసి చూశా, ఐడ్లర్ బాగుంది, ఆల్టర్నేటరే గరగరమంటోంది. ఇంకో సందేహం: ప్యాడ్ల పాత నంబర్ స్థానంలో కొత్త నంబర్ వచ్చిందట. పాత నంబర్ సరుకు ఒకచోట సగం రేటుకే ఉంది. అదే దుకాణంలో పాత స్టాక్ బుష్‌లు కూడా ఉన్నాయి. తీసుకోవచ్చా?

పదో_నంబర్_స్పానర్

ప్యాడ్లు పొడిగా, పెట్టె చెడకుండా ఉంటే ఆలోచించొచ్చు. పలక తుప్పు పట్టి రాపిడి పదార్థం అంచున లేస్తోంటే వద్దు. నంబర్ మారడానికి కారణం చూడండి: పదార్థం మారితే పాతదీ నడుస్తుంది, ఆకారం మారితే కొత్తదే తీసుకోవాలి. కొత్తది పాతదాని స్థానంలో సరిపోతుందంటే పాతది కొత్తదాని స్థానంలో సరిపోతుందని అర్థం కాదు.

బుష్‌లు మాత్రం వదిలేయండి. రబ్బరు షెల్ఫ్ మీద కూడా ముసలిదవుతుంది. వేలితో వంచితే సన్నటి పగుళ్లు కనిపిస్తాయి. బ్రేక్ మాస్టర్ సిలిండర్‌లోని రబ్బరు కప్పులు, హోస్‌లకూ ఇదే మాట.

ప్యాడ్లు ఆర్డర్ పెట్టేముందు డిస్క్ మందం కొలవండి. కనీస మందం డిస్క్ మీదే చెక్కి ఉంటుంది. అంచున లేచిన గట్టు కాకుండా ప్యాడ్ రుద్దే చోట, నాలుగైదు జాగాల్లో మైక్రోమీటర్ పెట్టాలి. ఆ అంకెకు దగ్గర పడితే డిస్కులు కూడా ఇదే ఆర్డర్‌లో చేర్చండి, రవాణా ఖర్చు ఒక్కసారే పడుతుంది. ఎలక్ట్రికల్ పార్టులు బిగించాక చాలామంది వాపసు తీసుకోరు, ఆ షరతు కూడా ముందే చదవండి.