విజయనగరం పోస్ట్‌పంక్: ఫంక్షన్ హాల్లో బేస్ గుయ్యిమంటోంది

ప్రశ్న: మాది కొత్త పోస్ట్‌పంక్ (పంక్ రాక్ నుంచి పుట్టిన రాక్ సంగీతం) బ్యాండు. అద్దెకి దొరికేది పెళ్లిళ్ల డీజే సెట్టే. బేస్ మోతలో పాట వినపడట్లేదు. ఏటి మార్చాలండీ?

జవాబు: ముందు సబ్ (లోతు మోత ఇచ్చే పెద్ద స్పీకరు) తగ్గించమనండి. డీజే పాటలకి పెంచిందే అలా వదిలేస్తారు, ఖాళీ గోడల మధ్య ఆ మోత నిలిచిపోద్ది. గిటారుకీ గొంతుకీ 100 హెర్ట్జ్ కింద ఉన్న లోతు శబ్దం కోసీండి. బేస్ గిటారులో 250 హెర్ట్జ్ దగ్గర తగ్గించి, 800 దగ్గర కొంచెం పెంచండి. ఈ సంగీతంలో పాటని నడిపేది బేస్ గిటారే, పిక్‌తో (తీగ మీటే చిన్న బిళ్ల) పైఫ్రెట్ల మీద (హెచ్చు స్వరాలొచ్చే చోట) వాయిస్తేనే వరస తేటగా వినపడతాది.

ఇంకో జవాబు: గిటారు డిలే (వాయించింది కాస్త ఆగి మళ్లీ వినిపించే ఎఫెక్టు) కూడా చూడండి. 150 టెంపోకి (నిమిషానికి 150 బీట్లు) ఒక బీటు 400 మిల్లీసెకన్లు, డిలే అంతే పెట్టండి. రిపీట్లు రెండు చాలు. హాలే ప్రతిధ్వనిస్తాది, రివర్బ్ ఆపీండి.

ప్రశ్న: మైకు కూతకి?

జవాబు: స్పీకర్లు మైకుల కంటే ముందు, జనం వైపు ఉండాలి. మైకు జాలీని చేత్తో మూయొద్దు, మూస్తే వెనక శబ్దం కూడా లాగేసి కూత పెడతాది.