ఆపిల్ గోప్యత: అభిమానులకు కానుకా, శిక్షా?

వేసవిగాలి:
కొత్త వస్తువు వేదిక ఎక్కేదాకా ఆపిల్ నోరు విప్పదు. నెలల తరబడి పుకార్లు నమ్ముకుని, కొనాలా ఆగాలా తేల్చుకోలేక సతమతమయ్యేది అభిమానులే. ఈ గోప్యత వల్ల మనకు ఒరిగేది ఏమైనా ఉందా?

మాక్‌ప్రియుడు:
ఎందుకు లేదు? 2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ ఆఫీసుల్లో కాగితాలు పెట్టుకునే మామూలు గోధుమరంగు కవరు తెరిచి, అందులోంచి మ్యాక్‌బుక్ ఎయిర్ అనే పల్చటి ల్యాప్‌టాప్ బయటికి తీశారు. హాలంతా చప్పట్లతో మారుమోగింది. అన్నీ ముందే చెప్పేస్తే ఆ ఆనందం ఎక్కడిది? పైగా ఇందులో వ్యాపార రహస్యమూ ఉంది. 1983లో ఆస్‌బోర్న్ సంస్థ రాబోయే కంప్యూటర్ల గురించి తొందరపడి చెప్పేసరికి, ఉన్నవాటిని కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. ఆ ఏడాదే దివాలా తీసింది. దానికి వేరే కారణాలూ ఉన్నాయంటారు గానీ, ఆ దెబ్బను పరిశ్రమ నేటికీ మరవలేదు.

గోదారిగట్టు:
మాక్‌ప్రియుడు గారూ, కవరు చూసి నేనూ మురిసిపోయాను. కానీ ఆ మురిపానికి మూల్యం ఎవరు చెల్లించారో కూడా చూడాలి కదా.

నిక్ సియారెల్లి అనే కుర్రాడు 13 ఏళ్ల వయసులో, కేవలం ఆపిల్ మీద ఇష్టంతో, ఆపిల్ కబుర్లు రాసే థింక్ సీక్రెట్ అనే సైటు మొదలుపెట్టాడు. 2004 డిసెంబరు చివర్లో మ్యాక్ మినీ అనే చిన్న కంప్యూటర్ రాబోతోందని రాశాడు. వారం తిరిగేసరికి ఆపిల్ దావా వేసింది. అప్పటికతను హార్వర్డ్ విద్యార్థి. దాదాపు మూడేళ్లు నలిగిన ఆ వివాదం 2007 డిసెంబరులో రాజీతో ముగిసింది. సమాచారం ఇచ్చినవాళ్ల పేర్లు అతను చెప్పలేదు, అది మెచ్చుకోవాల్సిన సంగతి. సైటు మాత్రం మూతపడింది. అభిమాని చేసిన తప్పల్లా అందరికన్నా ముందు సంతోషపడటం!

ఇక డబ్బు సంగతి. 2007 జూన్ చివర్లో వరుసల్లో నిలబడి 599 డాలర్లకు ఐఫోన్ కొన్నవాళ్లు, సెప్టెంబరు మొదటి వారంలో అదే ఫోను 399 డాలర్లకు దిగడం చూశారు. గగ్గోలు పుట్టాక జాబ్స్ బహిరంగ లేఖలో క్షమాపణ చెప్పి, ఆపిల్ దుకాణాల్లోనే వాడుకునేలా 100 డాలర్లు ఇస్తామన్నారు. ఆగి కొన్నవాడు లాభపడ్డాడు, నమ్మి ముందుకొచ్చినవాడు నష్టపోయాడు. మన దగ్గర వాయిదాల మీద ఫోను కొనే కుటుంబాలకు ఇలాంటి తేడా ఎంత భారమో వేరే చెప్పాలా?

ఆస్‌బోర్న్ భయం ఆపిల్‌కు వర్తించదు. మ్యాక్‌లను ఇంటెల్ ప్రాసెసర్లకు మారుస్తామని 2005 జూన్‌లోనే ప్రకటించింది. మొదటి యంత్రాలు వచ్చింది 2006 జనవరిలో. కంపెనీ మునగలేదు. 2013 నాటి మ్యాక్ ప్రో అనే పెద్ద పనుల కంప్యూటర్‌ను ఏళ్ల తరబడి పట్టించుకోక, వీడియో ఎడిటర్లు విసిగి వేరే దారి చూసుకుంటున్నప్పుడు, 2017 ఏప్రిల్‌లో కొందరు విలేకరులను పిలిచి కొత్తది చేస్తున్నామని తనే చెప్పింది. అది 2019 డిసెంబరుకు గానీ రాలేదు. అయినా ఆ ఒక్క మాటతో ఎంతోమంది ఆగారు.

మాక్‌ప్రియుడు:
మరి ఎయిర్‌పవర్ అనే వైర్‌లెస్ ఛార్జింగ్ పలక సంగతి? 2017 సెప్టెంబరులో ముందే చూపించి, 2019 మార్చిలో చేతులెత్తేశారు. ముందుగా చెప్పడం వల్ల అభిమానులు బాగుపడ్డారా?

గోదారిగట్టు:
అక్కడ అభిమానులను బాధపెట్టింది ప్రకటన కాదండీ, ఆ తర్వాతి మౌనం. చెప్పిన గడువు 2018. అది దాటుతున్నా, పని ఎక్కడ చిక్కుకుందో ఒక్క ముక్క చెప్పలేదు.

రాబోయే ఫోను రంగు, కెమెరా, పేరు దాచుకోమనండి, నాకు అభ్యంతరం లేదు. నేను కొన్న వస్తువుకు ఎన్నేళ్లు అప్‌డేట్లు వస్తాయన్నది మాత్రం వాళ్ల రహస్యం కాకూడదు. 2024లో బ్రిటన్‌లో కొత్త చట్టం అమల్లోకి వచ్చాక, ఐఫోన్ 15 ప్రో మ్యాక్స్‌కు కనీసం 5 ఏళ్లు భద్రతా అప్‌డేట్లు ఇస్తామని ఆపిల్ రాతపూర్వకంగా ఒప్పుకుంది. చట్టానికి ఇచ్చిన ఆ హామీనే కొనేవాళ్లందరికీ ఇవ్వాలి, ప్రతి డబ్బా మీదా అచ్చువేసి.