వెనిలా పైప్ పొగాకు: సంచిలో అంత తీపి వాసన, కాలిస్తే ఏమీ లేదు. ఎలా అంచనా వేయాలి?

ప్రశ్న (డాలస్ నుంచి)

నమస్తే అండీ. పైప్‌కి నేను కొత్త. ఇక్కడి పొగాకు షాపులో పెద్ద జాడీలోంచి తూకం వేసి అమ్మే వెనిలా బ్లెండ్ (రకరకాల పొగాకు ఆకుల మిశ్రమం) రెండు ఔన్సులు తెచ్చుకున్నాను. నల్లటి ఆకు ఎక్కువ, మధ్యమధ్యలో బంగారు రంగు, గోధుమ రంగు ముక్కలు. సంచి తెరిస్తే బేకరీలో అడుగుపెట్టినట్టు ఉంటుంది. వెలిగించాక మాత్రం ఆ తీపి మొదటి కొన్ని దమ్ములకే పోతుంది. తర్వాత వేడి గాలి, నాలుక కొస మంట, పైప్‌లో గురగుర. అడుగున తడి ముద్ద మిగిలిపోతోంది. వరండాలో కాలుస్తుంటే పక్కింటాయన వాసన చాలా బాగుందంటారు, నాకేమో రుచే తెలియడం లేదు. బ్లెండే నాసిరకమా, కాల్చే తీరు మార్చుకోవాలా? అసలు ఒక ఏరోమాటిక్, అంటే ఇలా వాసన కలిపిన పొగాకు, బాగుందో లేదో ఏం చూసి చెప్పాలి?

జవాబు (న్యూజెర్సీ)

మీరు చెప్పిన లక్షణాలన్నీ తడివల్లో తొందరవల్లో వచ్చేవే. ఆ రెండూ సరిచేసుకోకుండా బ్లెండ్ మీద తీర్పు చెప్పకండి.

ఆ నల్లటి ఆకు బ్లాక్ కావెండిష్ అయి ఉంటుంది. అది మొక్క రకం కాదు, తయారీ పద్ధతి. బర్లీ, వర్జీనియా అనే పొగాకు రకాల్లో ఏదో ఒకదాన్ని ఆవిరి పట్టి, వేడిలో, ఒత్తిడిలో ఉంచితే అలా నల్లబడుతుంది. ఘాటు తగ్గి మెత్తబడుతుంది, కలిపిన వాసనను బాగా పట్టుకుంటుంది. వాసన కలపడం రెండు దశల్లో జరుగుతుంది. ముందు చక్కెర, అతిమధురం, కోకో లాంటివి కలిపిన పాకం ఆకుకు పట్టిస్తారు, దాన్ని కేసింగ్ అంటారు. అది లోపలికి ఇంకుతుంది. ఆకు తయారయ్యాక చివర్లో పైన చల్లేది టాపింగ్. సంచి తెరవగానే ముక్కుకి తగిలేది ఈ టాపింగే. తేలిగ్గా ఆవిరయ్యే సరుకు కాబట్టి నిప్పు తగలగానే చాలాభాగం గాల్లో కలిసిపోతుంది. పక్కింటాయనకు అందుతున్నది అదే. పైగా కాల్చే మనిషి ముక్కు ఆ వాసనకు త్వరగా అలవాటుపడిపోతుంది. అందుకే సంచిలో వాసన, చుట్టుపక్కల వాసన, నోట్లో రుచి, ఈ మూడింటికీ వేర్వేరుగా మార్కులు వేయాలి. మొదటి రెండూ చూసి మూడోదాన్ని ఊహించుకోవడం వల్లే నిరాశ కలుగుతుంది.

ఇక తడి. ఆకు ఎండిపోకుండా చాలా ఏరోమాటిక్‌లలో ప్రొపిలీన్ గ్లైకాల్ కలుపుతారు. ఒక పైప్‌కి సరిపడా ఆకు తీసి తెల్ల కాగితం మీద పలచగా పరిచి అరగంట నుంచి గంట వదిలేయండి. రెండు వేళ్ల మధ్య నొక్కి వదిలితే ముద్దగా ఉండిపోకుండా మెల్లగా విడిపోవాలి. అదీ పదును. గలగలలాడేదాకా ఆగొద్దు. గ్లైకాల్ ఉన్న ఆకు ఓ పట్టాన అలా ఎండదు, ఈలోగా టాపింగ్ పోతుంది.

అడుగున వదులుగా, పైకి వచ్చేకొద్దీ కాస్త గట్టిగా నింపండి. వెలిగించకుండానే ఒకసారి పీల్చి చూడండి. గాలి అడ్డం లేకుండా రావాలి, ఆ చల్లటి దమ్ములోనే టాపింగ్ రుచి తెలుస్తుంది. అగ్గిపుల్లతో పైపొరంతా ఒకసారి కాల్చితే ఆకు ఉబ్బుతుంది. ట్యాంపర్‌తో (ఆకును అణిచే చిన్న పనిముట్టు) మెల్లగా అణచి మళ్ళీ వెలిగించండి. ఆ తర్వాత నిమిషానికి రెండు మూడు చిన్న దమ్ములు చాలు. బౌల్ (పైప్‌లో ఆకు నింపే గిన్నె) చేత్తో పట్టుకోలేనంత వేడెక్కితే కింద పెట్టేయండి. ఆరిపోతే మళ్ళీ వెలిగించుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు. గురగురమంటే పైప్ క్లీనర్ దూర్చి తడి తీసేయండి. నాలుక మంటకు ముఖ్య కారణం తడి ఆకునుంచి వచ్చే వేడి ఆవిరి. బర్లీ పొగకుండే క్షారగుణం దానికి తోడవుతుంది.

రుచి చూడటానికి మొక్కజొన్న కండెతో చేసిన పైప్ వాడమంటాను. మిస్సోరీ రాష్ట్రంలోని వాషింగ్టన్ ఊళ్ళో 1869 నుంచి వీటిని తయారుచేస్తున్న మిస్సోరీ మీర్షామ్ కంపెనీ పైపులు తక్కువ ధరకే దొరుకుతాయి. కొత్తది తీసుకుంటే పాత పొగాకు వాసన అడ్డం రాదు. కాల్చేముందు కాఫీ, మసాలా తిండి వద్దు. మంచినీళ్ళు పక్కన ఉంచుకోండి.

ఇప్పుడు అసలు పరీక్ష. బౌల్‌ను మూడు భాగాలుగా అనుకోండి. మొదటి భాగంలో తెలిసేది టాపింగే, దానికి పెద్ద విలువ ఇవ్వకండి. రెండో భాగంలో ఆకు బయటపడుతుంది. వర్జీనియా అయితే ఎండుగడ్డి, ఎండుద్రాక్ష లాంటి తీపి. బర్లీ అయితే వేయించిన పల్లీల రుచి, కొంచెం కోకో చేదు. బ్లాక్ కావెండిష్ దగ్గర రుచికన్నా పొగ నునుపుదనమే ఎక్కువ తెలుస్తుంది. పొగ ఊపిరితిత్తుల్లోకి లాగకుండా, నోట్లో ఉన్నదాంట్లో కొంచెమే ముక్కులోంచి వదలండి. నాలుకకు అందని తేడాలు అక్కడ తెలుస్తాయి, ఘాటుగా ఉంటే వెంటనే మానేయండి. చివరి భాగంలో చేదెక్కుతోందా, బూడిద రుచి వస్తోందా, తీపి ఏమైనా నిలిచిందా చూడండి. నావరకు ఏరోమాటిక్ మంచిచెడ్డలు సగం బౌల్ దాటాకే తేలతాయి. వెనిలా పోయాక కూడా పొగాకు రుచి బాగుంటే అది మంచి బ్లెండ్. వెనిలా పోయాక ఏమీ మిగలకపోతే నాసి ఆకును సెంటుతో కప్పారని అర్థం.

జవాబు (ఒంగోలు)

మాది వర్జీనియా పండించే కుటుంబం. ఆకు గురించి ఒక్క మాట చెప్తాను. వర్జీనియాను బ్యారన్‌లో, అంటే ఆకు ఆరబెట్టే గదిలో, గొట్టాల వేడితో క్యూరింగ్ చేస్తాం. ముందు తక్కువ వేడిలో ఆకు పసుపు తిరుగుతుంది, అప్పుడే అందులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. తర్వాత వేడి పెంచి ఆ చక్కెర పోకుండా ఆపేస్తాం. వారం లోపే పని అయిపోతుంది. వినుకొండ వైపు వేసే బర్లీ అలా కాదు, నీడలో గాలికి వారాల తరబడి ఆరుతుంది. ఆలోగా ఆకులో చక్కెర దాదాపు అయిపోతుంది. కాబట్టి మీ బ్లెండ్‌లో సహజమైన తీపి ఉంటే అది ఆ బంగారు రంగు ముక్కల్లోనే ఉండాలి. వాటిని విడిగా ఏరి, ఆరబెట్టి, వేళ్లతో నలిపి వాసన చూడండి. వెనిలా వెనకాల ఎండుగడ్డి వాసన తెలిస్తే ఆకు మంచిదే. పచ్చివాసనో బూజువాసనో వస్తే ఇక దానిమీద ఆశ వదులుకోండి. వేలం ప్లాట్‌ఫారంలో కొనేవాళ్ళు కూడా ముందు చేత్తో తడిమి, ముక్కుతోనే చూస్తారు.

జవాబు (విశాఖపట్నం, దంతవైద్యం)

రుచి సంగతి మీరంతా చెప్పారు, నాలుక మంట అన్నారు కాబట్టి నేను రాస్తున్నాను. పొగ లోపలికి పీల్చకపోయినా పైప్ సురక్షితం కాదు. పెదవి, నాలుక, గొంతు క్యాన్సర్లకు పైప్ కూడా కారణమే. క్షారగుణం ఉన్న పొగలోని నికోటిన్ నోటి చర్మం గుండానే రక్తంలో కలుస్తుంది, అలవాటు అలాగే పడుతుంది. మా ఉత్తరాంధ్రలో అడ్డపొగ (చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని) తాగే ఆడవాళ్ళ అంగిలి మీద వేడి, పొగ చేసిన గాయాలు చూస్తుంటాం. నాలుక మంట పుట్టిన రోజున మళ్ళీ వెలిగించకండి. పుండుగానీ తెల్ల మచ్చగానీ రెండు వారాల్లో మానకపోతే డాక్టర్‌కి చూపించండి. ఇంట్లో, పిల్లల దగ్గర అసలు వద్దు. వెనిలా వాసన వేసినా అది పొగాకు పొగే.

అడిగినవారు

అందరికీ ధన్యవాదాలండీ. డాక్టర్ గారూ, మంట పూర్తిగా తగ్గేదాకా ఆగాను, ఇకపై రోజూ కాల్చను. కండె పైప్ కొన్నాను. ఆకు ఆరబెట్టి, నిదానంగా కాలిస్తే మంట లేదు, తడి ముద్ద కూడా లేదు. బంగారు రంగు ముక్కలు విడిగా నలిపితే ఎండుగడ్డి వాసన కొంచెం తెలిసింది. కానీ వెనిలా ఇంకా తగ్గింది. సగం దాటాక మెత్తగానే ఉంది గానీ రుచి చాలా పలచగా ఉంది. ఎక్కువ ఆరబెట్టేశానా?

జవాబు (న్యూజెర్సీ)

కొంత టాపింగ్ పోవడం సహజమేనండీ. ఈసారి ఆరబెట్టే సమయం సగానికి తగ్గించి చూడండి. మంట రానంత తడి ఎంతో మీ వేళ్లకే తెలుస్తుంది. మీరు రాసినదాన్నిబట్టి ఇది చెడ్డ బ్లెండ్ కాదు, బ్లాక్ కావెండిష్ ఎక్కువై ఆకు రుచి తక్కువైన బ్లెండ్. నోటికన్నా పక్కనున్నవాళ్ళ ముక్కుకి బాగా నచ్చే రకం. బాగుచేసుకునే దారి ఉంది. వాసన కలపని సాదా బర్లీ ఐదో వంతు కలిపి, గాజు సీసాలో మూత బిగించి రెండు వారాలు ఉంచండి. బర్లీ ఆ టాపింగ్‌లో కొంత పీల్చుకుంటుంది, సగం దాటాక ఆ పల్లీ రుచి పొగకు బలం ఇస్తుంది. బర్లీలో నికోటిన్ ఎక్కువ కాబట్టి ఖాళీ కడుపుతో కాల్చకండి, తల తిరుగుతుంది. దీనికి ఆ కండె పైప్‌నే కేటాయించండి. వెనిలా వాసన మామూలు పైపులు చేసే బ్రయర్ చెక్కలో పట్టేస్తే, రేపు అందులో సాదా వర్జీనియా వేసినా వెనిలాయే వస్తుంది.